ఫార్మాట్ చేయమంటే చేసేయడమేనా?



పోయిన నెల ఒక జుమా రోజు. నమాజ్ అయ్యింది, ఇంకా మసీదు మెట్లు దిగలేదు, ఫోను మోగింది. మా ఖాలా కొడుకు. "భాయ్, డిస్కు కంప్యూటర్‌కి తగిలించాను. ఫార్మాట్ చేస్తేనే వాడుకోవచ్చు అంటోంది. కొట్టేదా?" అన్నాడు.

"నక్కో రే!" అని నేను అరిచిన అరుపుకు పక్కన చెప్పులేసుకుంటున్న పెద్దాయన ఉలిక్కిపడి చూశారు. మాఫీ అడిగి పక్కకొచ్చి, తమ్ముడికి ఒకటే మాట చెప్పాను. మౌస్ మీద నుంచి చెయ్యి తీసెయ్, క్యాన్సిల్ కూడా నేనొచ్చాకే కొడదాం అని. క్యాన్సిల్ కొడితే ఏమీ కాదు, నాకు తెలుసు. కానీ ఆ రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి, పిల్లవాడి వేలు ఎటు జారుతుందో అని నా భయం.

ఆ డిస్కు మూడిళ్ల అమానత్. 2012లో కొన్న మూడు టీబీల పెద్ద డబ్బా. అందులో మా చెల్లి నికాహ్, వలీమా వీడియోలున్నాయి. దాదీ ఆఖరి ఈద్ ఫోటోలున్నాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనవి, మర్హూమ్ అబ్బా జెద్దా నుంచి పంపిన క్యాసెట్లు. ఆ రోజుల్లో మనోళ్లు చాలామంది అలాగే పంపేవాళ్లు కదా. ఖత్ రాయడానికి బదులు టేప్‌రికార్డర్ ముందు కూర్చుని అరగంట మాట్లాడి, ఊరికొస్తున్న వాళ్ల చేతికిచ్చి పంపడం. "అమ్మీకి సలాం చెప్పు, చోటాకి బూట్లు కొన్నాను" అని అబ్బా గొంతు. క్యాసెట్లకు బూజు పట్టేస్తోందని పదేళ్ల కింద నేనే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అసలు క్యాసెట్లు ఆ తర్వాత ఇల్లు మారేటప్పుడు పోయాయి. రెండో కాపీ ఎందుకు పెట్టుకోలేదు అని అడక్కండి. గల్తీ నాదే. అమ్మీ కూడా అదే అడిగింది, అదే జవాబు చెప్పాను.

జరిగిందేమిటంటే, ఆ డబ్బాకు వెనక వైర్ పెట్టే చోటు వదులైపోయింది. తమ్ముడు ఊళ్లో ఒక దుకాణంలో ఇచ్చాడు. వాళ్లు డబ్బా విప్పి, లోపలున్న హార్డ్ డిస్కును బయటికి తీసి, "డిస్కు బాగానే తిరుగుతోంది, డబ్బాయే పోయింది. నేరుగా కంప్యూటర్‌లో పెట్టుకోండి" అని చేతికిచ్చారు. వినడానికి సబబుగానే ఉంది. సీసా పగిలితే అత్తరు ఇంకో సీసాలో పోసుకుంటాం కదా, అలాగ. కానీ నేరుగా పెడితే కంప్యూటర్ చూపించింది వేరు. మూడు టీబీల డిస్కులో 349 జీబీల ముక్క ఒకటి ఉందట, దాంట్లో ఏముందో తెలియదట, మిగతాదంతా ఖాళీ జాగానట. ఆ ముక్కను ఫార్మాట్ చేయమని అడుగుతోంది.

349 అనే అంకె చూడగానే నాకు ఊపిరి వచ్చింది. ఎందుకో చెప్తాను, కాస్త సబర్‌తో వినండి.

హార్డ్ డిస్కులో జాగానంతా సెక్టార్లు అనే చిన్న గదులుగా లెక్కపెడతారు. పాతకాలం నుంచి ఒక్కో గది 512 బైట్లు. డిస్కు మొదటి గదిలో ఒక చిట్టా ఉంటుంది. ఫలానా భాగం ఇన్నో నంబరు గదిలో మొదలై ఇన్ని గదులు ఉంటుంది అని అందులో రాసి ఉంటుంది. ఎంబీఆర్ అనే ఆ పాత చిట్టాలో గది నంబరు రాయడానికి 32 బిట్లే ఇచ్చారు. 32 బిట్లలో 429 కోట్ల చిల్లర వరకే లెక్కపెట్టగలం. దాన్ని 512తో గుణిస్తే సుమారు 2.2 టీబీ. అంతే, అదే హద్దు. 1980లలో ఆ చిట్టా తయారు చేసినవాళ్లకు అది సముద్రమంత జాగా. పది ఇరవై ఎంబీల డిస్కులు వాడే కాలం మరి.

2010 నాటికి మూడు టీబీల డిస్కులు బజారులోకి వచ్చేశాయి. జీపీటీ అనే కొత్త చిట్టా అప్పటికే ఉంది, అందులో 64 బిట్లు, మన మనవల మనవల దాకా సరిపోతుంది. కానీ అప్పటికి ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. మామూలు 32 బిట్ ఎక్స్‌పీకి జీపీటీ చదవడం రాదు. పాత చిట్టాతో అమ్మితే 800 జీబీలు వృథా, కొత్త చిట్టాతో అమ్మితే సగం మంది కంప్యూటర్లలో డిస్కే కనిపించదు. అప్పుడు డబ్బాలు చేసేవాళ్లు ఒక హిక్మత్ చేశారు. డబ్బాలో ఉండే చిన్న బోర్డు కంప్యూటర్‌తో అబద్ధం ఆడుతుంది. "నా గది 512 కాదు, 4096 బైట్లు" అంటుంది. గది ఎనిమిది రెట్లు పెద్దదైతే అదే 429 కోట్ల నంబర్లతో 17 టీబీలు దాటి లెక్కపెట్టొచ్చు. ఎక్స్‌పీ ఖుష్, కొన్నవాడు ఖుష్.

ఆ బోర్డును తీసేసిన రోజు చూడండి. చిట్టాలో "భాగం 256వ గదిలో మొదలవుతుంది" అని రాసి ఉందనుకుందాం. బోర్డు లెక్కలో అది డిస్కు మొదలు నుంచి 10,48,576వ బైటు. నేరుగా తగిలించిన కంప్యూటర్ 512 లెక్కన నడిచి 1,31,072వ బైటు దగ్గర ఆగి తలుపు కొడుతుంది. అక్కడ ఇల్లే లేదు. గజాల్లో కొలిచి రాసిన ప్లాటును అడుగుల్లో కొలిచి వెతికినట్టు. మూడు టీబీలను ఎనిమిదితో భాగిస్తే విండోస్ లెక్కలో వచ్చేది సరిగ్గా 349 జీబీ. అందుకే ఆ అంకె చూడగానే నాకు ఊపిరి వచ్చింది. డిస్కు పోలేదు, కొలబద్ద మారింది, అంతే.

కానీ ఈ సంగతి తమ్ముడికి ఎలా తెలుస్తుంది? ఆ దుకాణం పిల్లవాడికే తెలియలేదు. తెర మీద వచ్చిన మాట ఏమిటి? ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని.

నా గొడవ ఇక్కడే. ఆ వాక్యం తప్పు. టెక్నికల్‌గా తప్పు, ఇన్సాఫ్ ప్రకారమూ తప్పు. కంప్యూటర్‌కు నిజంగా తెలిసింది ఒకటే. "ఇందులో రాసింది నాకు చదవడం రావట్లేదు." ఆ ఒక్క మాట చెప్పి ఆగొచ్చు. చెప్పదు. తనకు రాకపోవడాన్ని డిస్కు లోపంగా చూపిస్తుంది, దవాగా చెరిపేయమంటుంది. డాక్టరుకు రిపోర్టు అర్థం కాక మనిషినే కఫన్‌లో చుట్టమన్నట్టు. యాపిల్ కంప్యూటర్ కొంత నయం, ఈ డిస్కును ఈ కంప్యూటర్ చదవలేకపోతోంది అని ఒప్పుకుంటుంది. దాని పక్కనే చెరిపే దారి బటనూ పెడుతుందనుకోండి, అది వేరే విషయం. కనీసం నిజం ముందు చెప్తుంది.

ఇది మనకు కొత్త కాదు. మా నానా ఊరు తుంగభద్రకు అవతల, నిజాం ఇలాఖా. ఆయన హయాంలో సర్కారీ కాగితాలన్నీ ఉర్దూలోనే ఉండేవి. భూమి కాగితాలు, రసీదులు, ఇంటి లెక్కలు అన్నీ. నానా పోయాక ఆయన సందూకు తెరిచాం. మామూలు పిల్లలు, మేము, అందరం తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం. ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే, కానీ అలిఫ్ బే దాటి చదవగలిగినవాళ్లు ఇద్దరు ముగ్గురు. సందూకులోని కాగితాలు చూసి ఎవరో అన్నారు, "ఇవన్నీ పాత కాగితాలు, ఏమీ పనికొచ్చేవి కావు" అని. అన్నవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు నిజంగానే అందులో ఏమీ కనిపించలేదు. ఒక సంచీడు రద్దీకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు హిస్సాల విషయంలో ఒక కాగితం అవసరమైంది. అది ఆ సంచీలో ఉండేదా, అసలు లేనే లేదా, ఇప్పుడు చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. "చదవడం రాదు" అనాల్సిన చోట "ఏమీ లేదు" అన్నాం. ఫైల్ సిస్టమ్ అనేది కూడా ఒక లిపిలాంటిదే భాయ్. ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్, లినక్స్ వాళ్ల ఈఎక్స్‌టీ4, ఒక్కోటి ఒక్కో రాత. చదవడం రానివాడి కళ్లకు నిండు పుస్తకం కూడా గీతలే.

ఇక హద్దుల సంగతి. మన ఇళ్లలో అందరికీ ఎదురయ్యేది ఇది. చెల్లి నికాహ్ వీడియో ఒకటే ఫైలు, తొమ్మిది జీబీలు. 64 జీబీల పెన్‌డ్రైవ్ తెచ్చి అత్తగారింటికి కాపీ చేసిద్దామంటే, ఫైలు మరీ పెద్దది, పట్టదు అంది. పెన్‌డ్రైవ్ మొత్తం ఖాళీ! బావ పక్కనే కూర్చున్నారు, "క్యా భాయ్, నకిలీ మాల్ తెచ్చారా?" అని నవ్వారు. నకిలీ కాదు. అది ఫ్యాట్32 రాతలో ఉంది. ఆ రాతలో ఫైలు ఎంత పొడుగు అని రాసుకోవడానికి నాలుగు బైట్ల చోటే ఉంది. నాలుగు బైట్లలో పట్టే పెద్ద సంఖ్య 4,29,49,67,295. అంటే నాలుగు జీబీలకు ఒక బైటు తక్కువ. పెన్‌డ్రైవ్ ఎంత ఖాళీగా ఉన్నా ఒక్క ఫైలు అంతకు మించకూడదు. విండోస్ 95 మలి విడతతో, 1996లో వచ్చిన రాత అది. అప్పట్లో నాలుగు జీబీల ఒకే ఫైలు ఎవరు ఊహించారు?

ఫొటోగ్రాఫర్లు కొందరు దీనికి చేసే పని నాకు నచ్చదు. చెప్పకుండా వీడియోను ముక్కలు చేసి ఇస్తారు. మాకు తెలిసిన ఇంట్లో రుఖ్సతీ సరిగ్గా మధ్యలో తెగింది. కూతురు తండ్రిని పట్టుకుని ఏడుస్తోంది, తెర నల్లబడింది, రెండో ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చి ఇవ్వడానికి నిమిషం కూడా పట్టదు. అడిగితే "టీవీలో ఆడదు సాబ్" అంటారు. పాత టీవీల విషయంలో అది నిజమే, ఒప్పుకుంటాను. అయితే ఆ మాట ముందు చెప్పి, మీకు టీవీలో కావాలా, ఒకే ఫైలుగా కావాలా అని అడగొచ్చు కదా.

ఇంకో హద్దు ఉంది, దాని కథ తెలిసినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. విండోస్‌లో కుడి బటన్ నొక్కి ఫార్మాట్ అంటే వచ్చే కిటికీలో, 32 జీబీలు దాటిన డిస్కుకు ఫ్యాట్32 అసలు కనిపించదు. ఆ ఫ్యాట్32 నిజానికి రెండు టీబీల దాకా వెళ్లగలదు. మరి 32 దగ్గర ఎందుకాగింది? ఆ కిటికీ రాసినాయన డేవ్ ప్లమర్, అప్పుడు మైక్రోసాఫ్ట్ ఇంజనీరు. ఆయనే స్వయంగా చెప్పారు. 1994 ఆఖర్లో ఒక వాన పడుతున్న గురువారం ఉదయం, కాగితం మీద ఏమేమి ఉండాలో వరసగా రాసుకుని, మంచిది వచ్చేదాకా ఉంటుందిలే అని తాత్కాలికంగా ఆ కిటికీ తయారు చేశారట. జాగా ఎంత వృథా అయితే ఒప్పుకోవచ్చు అన్నది కూడా ఆ పొద్దునే తేల్చాల్సి వచ్చి, 32 జీబీల హద్దు అలా పడిందట. మంచిది ఈ రోజు దాకా రాలేదు. 2024 ఆగస్టులో విండోస్ 11 పరీక్షా కూర్పులో ఆ హద్దును రెండు టీబీలకు పెంచారు. అది కూడా నల్ల తెర మీద ఆదేశం టైపు చేసేవాళ్లకు. మన ఖాలాలు, ఫూఫీలు నొక్కే కిటికీకి కాదు.

ప్లమర్ మీద నాకు కోపం లేదు. తన నిర్ణయం ఇన్నేళ్లు ఎలా అతుక్కుపోయిందో దాచుకోకుండా చెప్పుకున్న మనిషి ఆయన. అలా ఎంతమంది చెప్పుకుంటారు? నా ఫిర్యాదు తర్వాత వచ్చినవాళ్ల మీద. ముప్పై ఏళ్లు ఆ కిటికీని చూస్తూ కూర్చున్నవాళ్లు, అందులో ఒక్క వాక్యం మార్చలేదు. "ఇది మా హద్దు, మీ డిస్కు తప్పు కాదు" అని ఒక్క ముక్క రాయలేదు. ఎదుటివాడేమో తన చేతిలో ఉన్నది పాడు సరుకు అనుకుంటాడు. నకిలీ అనుకుంటాడు. అమ్మినవాడితో గొడవపడతాడు.

కొన్నిసార్లు ఆ గొడవ అనవసరం కూడా. ఒక టీబీ డిస్కు కొంటే 931 జీబీలే చూపిస్తోందని మా పక్కింటాయన దుకాణం మీదికి వెళ్లబోయారు. ఆపాను. అమ్మేవాడు వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి, ఏ దొంగా ఏమీ తినలేదు.

అమ్మీ వైపు బంధువొకాయన నాతో వాదించారు. "ఇదంతా మామూలు జనానికెందుకు, తెలిసినవాళ్లకిస్తే చూసుకుంటారు" అని. ఆయన మాట కొట్టేయలేను. కానీ మా డిస్కు విప్పింది కూడా తెలిసినవాళ్లే కదా. పైగా ఫార్మాట్ ప్రశ్న అడిగే సమయానికి తెలిసినవాడు ఎదురుగా ఉండడు. రాత్రి పదకొండుకు పిల్లలో, పెద్దవాళ్లో ఒంటరిగా కూర్చుని ఉంటారు. వాళ్లకు ఒక్కటి తెలిస్తే చాలు. ఆ ప్రశ్న వస్తే వైరు తీసి, డిస్కును పక్కన పెట్టడం. క్విక్ ఫార్మాట్ అయినా చిట్టా మారిపోతుంది, కొత్త రాతలు పాత వీడియోల మీద పడతాయి. అప్పుడు కూడా వెతికి తీసేవాళ్లు చాలావరకు తీస్తారు. కానీ "క్విక్" అన్న దగ్గర టిక్కు తీసేసి కొడితే, విస్టా కాలం నుంచి విండోస్ డిస్కు మొత్తం సున్నాలతో నింపేస్తుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. లోతుగా శుభ్రం చేస్తే బాగా పనిచేస్తుందేమోనని ఆ టిక్కు తీసేవాళ్లను నేను చూశాను.

మరి దేన్ని ఏ రాతలో పెట్టుకోవాలి అంటే, నా పద్ధతి చెప్తాను. చేతులు మారే పెన్‌డ్రైవ్‌లు, డిస్కులు ఎక్స్‌ఫ్యాట్‌లో. విండోస్‌లో, యాపిల్‌లో, ఇప్పటి లినక్స్‌లో అన్నిట్లో నడుస్తుంది, నాలుగు జీబీల హద్దు లేదు. ఒకటే ఐబ్, రాస్తుండగా వైరు లాగేస్తే దాన్ని సరిచేసుకునే రోజ్‌నామచా దానికి లేదు, కాబట్టి లాగకండి, ఆపి తీయండి. ఇంట్లో ఒకేచోట ఉండే పెద్ద డిస్కు, విండోస్ ఇల్లయితే, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో. రెండు టీబీలు దాటిన కొత్త డిస్కుకు మొదట్లోనే జీపీటీ. అన్నిటికంటే ముందు, ఖాళీగా ఉన్నప్పుడే ఇదంతా తేల్చుకోవాలి. సామాను సర్దాక గోడలు కట్టలేం.

మా డిస్కు సంగతి చెప్పలేదు కదూ. సికింద్రాబాద్ సీటీసీలో రెండు పూటలు తిరిగితే, ఒక పాత సామాన్ల దుకాణంలో అదే మోడల్ డబ్బా దొరికింది, లోపల డిస్కు చచ్చిపోయింది, బోర్డు బతికే ఉంది. అది కూడా నా అదృష్టమే. కొన్ని డబ్బాల బోర్డులు రాసేదాన్నంతా తాళం వేసి రాస్తాయి, అలాంటిదైతే వేరే డబ్బా బోర్డు పెట్టినా పని జరిగే భరోసా లేదు. మాది ఆ రకం కాదు. ఖాలా ఇంట్లో, ఇషా తర్వాత, డిస్కును ఆ బోర్డుకు తగిలించాం. తమ్ముడు నా కంటే ఎక్కువ భయపడుతున్నాడు. ఒక్క నిమిషం ఏమీ రాలేదు. తర్వాత 2794 జీబీ అని పూర్తిగా, అన్ని ఫోల్డర్లూ వచ్చాయి. అల్‌హమ్‌దులిల్లాహ్.

వెంటనే కొత్త డిస్కులోకి కాపీ పెట్టాం. ఆరు గంటలు అంది. ఈసారి ఇంకొకటి కూడా కొన్నాం, అది చెల్లి ఇంట్లో ఉంటుంది.

కాపీ నడుస్తుండగా పాత డబ్బా మీద ఒక కాగితం అతికించాను. "ఇందులోంచి డిస్కు బయటికి తీయొద్దు. ఫార్మాట్ అడిగితే కొట్టొద్దు" అని తెలుగులో రాశాను. అమ్మీ కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఉర్దూ మే భీ లిఖ్ నా రే" అంది. పెన్ను పట్టుకుని రెండు అక్షరాలు రాసి ఆగిపోయాను. పెన్ను నా చేతిలోంచి తీసుకుని తనే రాసింది.